రాజపాళయం మిల్లు జీతాల లెక్క: ప్రొసీజరా, ఆబ్జెక్టా?

అన్నా యూనివర్సిటీ 2021 రెగ్యులేషన్ కింద కంప్యూటర్ సైన్స్ చదివేవారికి మొదటి సెమిస్టర్‌లో పైథాన్, రెండో సెమిస్టర్‌లో సీ, మూడో సెమిస్టర్‌లో జావాతో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ వస్తాయి. 2013లో తమిళనాడులోని రాజపాళయంలో మొదలైన రామ్‌కో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ కూడా ఆ యూనివర్సిటీ గొడుగు కిందిదే. ఈ వరుసలో చదివిన పిల్లల మనసులో ఒక అభిప్రాయం దానంతట అదే స్థిరపడిపోతుంది: సీ లాంటి ప్రొసీజరల్ భాష కింది మెట్టు, జావా లాంటిది పై మెట్టు. పై మెట్టు ఎక్కినవాడు కిందికి చూడనక్కర్లేదని. ఉద్యోగంలో చేరి, ఎవరో పదిహేనేళ్ల కిందట రాసి వదిలేసిన కోడ్ చేతికొచ్చాక ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందన్నదే ఈ వ్యాసంలో చూడదలిచిన విషయం.

రాజపాళయాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. విజయనగర కాలంలో ఆంధ్ర ప్రాంతం నుంచి వలస వెళ్లిన రాజు కులస్థులు నాలుగైదు శతాబ్దాలుగా ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ నిలబడిన ఊరు అది. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించాక నూలు మిల్లుల ఊరయింది. ఆ కుటుంబం నుంచే సిమెంటు వచ్చింది, ఆస్‌బెస్టాస్ రేకులు వచ్చాయి, చివరికి సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. చెన్నై కేంద్రంగా పనిచేసే రామ్‌కో సిస్టమ్స్ 1990 దశకంలో మార్షల్ అనే పేరుతో స్వదేశీ ఈఆర్‌పీని, అంటే సంస్థ పనులన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేర్‌ను, మార్కెట్లోకి తెచ్చింది. నూలు, సిమెంటు, జీతాలు, పన్నులు, వాటిని లెక్కగట్టే ప్రోగ్రాములు అన్నీ ఒకే ఊరి చరిత్రలో దొరుకుతున్నప్పుడు ఉదాహరణ కోసం వేరే చోటికి వెళ్లనక్కర్లేదు.

ముందు మెయింటెనెన్స్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. చాలామంది దాన్ని బగ్గులు సరిచేయడం అనుకుంటారు. లియెంట్జ్, స్వాన్సన్ అమెరికాలో 487 డేటా ప్రాసెసింగ్ విభాగాలను సర్వే చేసి 1980లో పుస్తకంగా వేసిన ఫలితాల్లో తప్పులు దిద్దడానికి పోయే శ్రమ ఐదో వంతు దరిదాపుల్లోనే ఉంది. మిగతాదంతా కొత్త అవసరాలు చేర్చడానికి, మారిన పరిస్థితికి తగ్గట్టు మార్చడానికి పోయింది. మీర్ లేమన్ 1974 నుంచి చెబుతూ వచ్చిన సూత్రాలదీ అదే దారి. వాడకంలో ఉన్న ప్రోగ్రాం మారుతూనే ఉండాలి, మారిన కొద్దీ చిక్కుపడుతుంది, చిక్కు విప్పడానికి ప్రత్యేకంగా పనిచేస్తే తప్ప అది తగ్గదు. అంటే మంచి భాష ఏది అని అడిగేముందు ఈ ప్రోగ్రాంలో మారబోయేది ఏమిటని అడగాలి. నా దృష్టిలో ఈ చర్చకంతటికీ కీలకం అదే.

ఒక నూలు మిల్లు జీతాల ప్రోగ్రాం తీసుకుందాం. మూడు షిఫ్టులు నడుస్తాయి. నెల జీతం మీద ఉన్న స్టాఫ్, రోజు కూలీ మీద ఉన్న కార్మికులు, అప్రెంటిస్‌లు, కాంట్రాక్టర్ తెచ్చిన మనుషులు ఉంటారు. ప్రతి ఒక్కరికీ స్థూల జీతం కట్టాలి, వర్తించేవారికి పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కోయాలి, ఓవర్‌టైమ్ కలపాలి, పే స్లిప్ అచ్చేయాలి. ప్రొసీజరల్ పద్ధతిలో అయితే కార్మికుడి వివరాలు ఒక రికార్డులో ఉంటాయి, స్థూల జీతానికో ఫంక్షన్, ఈఎస్ఐకో ఫంక్షన్, స్లిప్‌కో ఫంక్షన్ ఉంటాయి. ఒక్కో ఫంక్షన్ లోపల ఇతను స్టాఫా, రోజు కూలీయా, అప్రెంటిసా అని చూసే శాఖలు ఉంటాయి. ఆబ్జెక్ట్ పద్ధతిలో స్టాఫ్ ఒక క్లాస్, రోజు కూలీ ఒక క్లాస్, అప్రెంటిస్ ఒక క్లాస్. ఎవరి జీతం ఎలా కట్టాలో, ఎవరి కోత ఎంతో ఆ క్లాస్‌లోనే రాసి ఉంటుంది. బయటి కోడ్ ‘నీ ఈఎస్ఐ ఎంత’ అని అడిగితే చాలు.

ఇప్పుడు మిల్లు ముక్క కూలీ మీద కొత్త రకం కార్మికులను పెట్టుకుందనుకోండి. ఆబ్జెక్ట్ పద్ధతిలో ఒక కొత్త క్లాస్ రాస్తే పని అయిపోయింది, పాత కోడ్ మీద చెయ్యి వేయనక్కర్లేదు. ప్రొసీజరల్ పద్ధతిలో ప్రతి ఫంక్షన్ తెరిచి కొత్త శాఖ చేర్చాలి, ఒకటి మరిచిపోతే ఆ కార్మికుడి స్లిప్ తప్పుగా వస్తుంది. దీన్ని తిరగేసి చూడండి. ప్రభుత్వం కొత్త రకం నివేదిక అడిగింది. ప్రొసీజరల్‌లో ఒక్క కొత్త ఫంక్షన్ రాస్తే సరి. ఆబ్జెక్ట్ పద్ధతిలో ప్రతి క్లాస్ తెరిచి కొత్త మెథడ్ చేర్చాలి. రకాలు పెరిగితే ఆబ్జెక్ట్ పద్ధతి సుఖం, పనులు పెరిగితే ప్రొసీజరల్ సుఖం. జాన్ రేనాల్డ్స్ 1975లోనే ఈ ఇరుకును చూపించాడు, 1998లో ఫిలిప్ వాడ్లర్ దీనికి ఎక్స్‌ప్రెషన్ ప్రాబ్లం అని పేరు పెట్టాడు. రెండు వైపులా ఒకేసారి పెరగడాన్ని తేలిగ్గా భరించే కోడ్ రాయడం ఎంత కష్టమో ఆ తర్వాత వచ్చిన పరిశోధన పత్రాల సంఖ్యే చెబుతుంది.

ఈ రెండు బాటల పుట్టుక చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 1960 ప్రాంతంలో వచ్చిన కోబాల్ వ్యాపార లెక్కల కోసం పుట్టింది. అక్కడ ఖాతాలు, సరుకులు, ఉద్యోగులు అన్న రకాలు పెద్దగా మారవు, వాటి మీద నివేదికలు మాత్రం ఏటా పుట్టుకొస్తాయి. ఓస్లోలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ తయారుచేసిన సిములా 67 అనుకరణల కోసం పుట్టింది. ఒక వ్యవస్థలో తిరిగే రకరకాల వస్తువులు ఒక్కొక్కటీ తన తీరున నడవాలి. 1970లలో జెరాక్స్ పార్క్‌లో ఆలన్ కే బృందం రూపొందించిన స్మాల్‌టాక్, తెర మీద కిటికీలు, మెనూలు, బొమ్మలు ఉన్న కంప్యూటర్‌తో పాటే పెరిగింది. అక్కడా రకాలే పెరుగుతాయి. 1980లలో, 1990లలో గ్రాఫికల్ తెరలు ప్రపంచమంతా పాకినప్పుడు సీ ప్లస్ ప్లస్, జావా రాజ్యమేలడం యాదృచ్ఛికం కాదు. ఆ విజయాన్ని చూసి లెక్కల ప్రోగ్రాములకూ అదే మందు వేయడం దగ్గరే పొరపాటు మొదలైంది.

మన జీతాల ప్రోగ్రాంలో నిజంగా ఏం మారుతుంది? ఈఎస్ఐనే చూద్దాం. 2017 జనవరి 1 నుంచి ఈఎస్ఐ వర్తించే జీతం హద్దు 15,000 నుంచి 21,000కు పెరిగింది. 2019 జులై 1 నుంచి ఉద్యోగి వాటా 1.75 శాతం నుంచి 0.75కు, యజమాని వాటా 4.75 నుంచి 3.25కు తగ్గింది. నెలకు 14,000 తీసుకునే కార్మికుడికి 2019 జూన్‌లో 245 రూపాయలు కోసిన ప్రోగ్రాం, జులైలో 105 కోయాలి. ఆగస్టులో జూన్ నెల బకాయి ఇస్తే దానికి మళ్లీ పాత శాతమే పడాలి. రకం మారలేదు, పని మారలేదు. ఒక తేదీ నుంచి ఒక అంకె మారింది, అంతే. 1.75 అన్న అంకెను ఫంక్షన్‌లో రాసుకున్నవాడికీ చిక్కే, క్లాసుల్లో రాసుకున్నవాడికి ఇంకా చిక్కు, ఎందుకంటే అది స్టాఫ్ క్లాస్‌లో ఒకసారి, రోజు కూలీ క్లాస్‌లో ఒకసారి, కాంట్రాక్ట్ క్లాస్‌లో ఒకసారి ఉంటుంది. అమలు తేదీతో సహా ఒక పట్టికలో పెట్టుకున్నవాడు ఒక్క కొత్త వరుస చేర్చి ఇంటికి వెళ్లిపోతాడు.

అన్నీ ఇంత సులువు కాదు. ఈఎస్ఐకి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు చందా కాలాలు ఉన్నాయి. కాలం మొదట్లో హద్దు లోపల ఉన్న కార్మికుడి జీతం మధ్యలో హద్దు దాటినా, ఆ కాలం ముగిసేదాకా చందా ఆగదు. ఏప్రిల్‌లో 20,500 ఉన్న మనిషికి జూన్‌లో 22,000 అయితే సెప్టెంబరు దాకా ఆ 22,000 మీదే కోత పడుతూ ఉంటుంది, ఉద్యోగి వాటా 165 రూపాయలు. ఈ నెల జీతం ఒక్కటే చూసి లెక్కగట్టే ఫంక్షన్ ఇక్కడ బోల్తా పడుతుంది. కార్మికుడి గతం కావాలి. ‘ఈ చందా కాలంలో ఇతను లోపలివాడా’ అన్న ప్రశ్నకు జవాబు ఒక్కచోట భద్రంగా ఉండి, దాన్ని ఎవరు పడితే వాళ్లు మార్చలేకపోవడం అవసరం. ఆబ్జెక్ట్ పద్ధతి అసలు బలం ఇలాంటి చోట కనిపిస్తుంది. ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్‌ను పుట్టించడం) కన్నా ఇలా సమాచారాన్ని లోపల దాచుకోవడమే దాని గొప్ప సద్గుణమని నేను నమ్ముతాను.

పన్నుల కథా ఇంతే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి ఎక్సైజ్, వ్యాట్ లెక్కలు పోయాయి. సిమెంటుకు 28 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22న అది 18 అయింది, రాజపాళయం పక్కన ఛత్రపట్టి మగ్గాల మీద తయారయ్యే వైద్యపు గాజుగుడ్డకు, బ్యాండేజీకి 12 నుంచి 5కు తగ్గింది. సిమెంటు ఒక క్లాస్, నూలు ఒక క్లాస్, బ్యాండేజీ ఒక క్లాస్ అని రాసి, ఒక్కోదానిలో పన్ను మెథడ్ పెట్టే డిజైన్లు పాఠ్యపుస్తకాల తరహా ఉదాహరణల నుంచి నేర్చుకున్నవే. కుక్క, పిల్లి రెండూ జంతువు క్లాస్ నుంచి పుట్టి వేరువేరుగా అరుస్తాయని చెప్పే పాఠం పిల్లవాడికి వాక్యనిర్మాణం నేర్పుతుంది గానీ, వ్యాపారంలో ఏది రకమో ఏది వట్టి అంకెల తేడాయో చెప్పదు. సిమెంటుకూ నూలుకూ పన్ను విషయంలో ఉన్నది అంకెల తేడా మాత్రమే. దాన్ని రకాల తేడాగా రాయడం మెయింటెనెన్స్‌కు చేసే ద్రోహం.

ఈ వివేకాన్ని మొట్టమొదట స్పష్టంగా చెప్పింది డేవిడ్ పార్నస్. 1972లో రాసిన వ్యాసంలో ఆయన ఒక చిన్న ఇండెక్స్ ప్రోగ్రాంను రెండు రకాలుగా విడగొట్టి చూపించాడు. ఒకటి పని జరిగే వరుస ప్రకారం, రెండోది రేపు మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్‌లో దాచే పద్ధతిలో. రెండోదానిలో మార్పులు తక్కువ చోట్లకు పరిమితమయ్యాయి. జావా పుట్టడానికి ఇరవైమూడేళ్ల ముందు, ఏ ఆబ్జెక్ట్ భాషా అక్కర్లేకుండా చేసిన వాదన అది. ఈ విషయం మీద ఒకే ఒక్క పత్రం చదవగలిగే తీరిక ఉన్నవారికి నేను సూచించేది దాన్నే.

సీ భాషలో రాసిన లైనక్స్ కెర్నెల్ ఇందుకు బతికున్న సాక్ష్యం. 1991లో మొదలైన ఆ కోడ్‌లో రకరకాల ఫైల్ సిస్టమ్‌లు, వేల కొద్దీ పరికరాల డ్రైవర్లు ఉన్నాయి. రకాలు పెరిగే చోట వాళ్లు ఫంక్షన్ల చిరునామాలతో నిండిన ఒక స్ట్రక్చర్ వాడతారు. ఫైల్ తెరవడం, చదవడం, రాయడం ఎలాగో ఒక్కో ఫైల్ సిస్టమ్ అందులో తన ఫంక్షన్లు నింపి ఇస్తుంది. క్లాస్ అన్న మాట లేకుండానే ఆబ్జెక్ట్ పద్ధతి. అవసరమున్న చోటనే వాడారు, మిగతాదంతా నేరుగా సాగే ఫంక్షన్లే.

మన దగ్గరా ఉంది ఉదాహరణ. రాజపాళయం స్టేషన్లో పొదిగై ఎక్స్‌ప్రెస్‌కు కౌంటర్ టికెట్ తీసుకుంటే వెనక పనిచేసేది రైల్వే సంస్థ క్రిస్ నడిపే కాన్సర్ట్ వ్యవస్థ. 1994లో సికింద్రాబాద్‌లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌ను ప్రధానంగా సీ, ఫోర్ట్రాన్ భాషల్లో రాశారు. తత్కాల్ వచ్చింది, ఇంటర్నెట్ బుకింగ్ వచ్చింది, ముందస్తు బుకింగ్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు కాస్తా 60 అయింది. మూడు దశాబ్దాలు నిలిచిన ప్రొసీజరల్ కోడ్‌ను కాలం చెల్లిందని కొట్టిపారేసేవారు ముందు అది ఎలా నిలిచిందో తెలుసుకోవాలి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ వ్యవస్థ వెనక దాన్ని విడవకుండా చూసుకునే ఒక సంస్థ ఉంది. ఒక చిన్న మిల్లుకు అంత భాగ్యం ఉండదు.

పరిశోధనలు ఏమంటున్నాయి? ఆశించినంత గట్టిగా ఏదీ అనడం లేదు. జర్మనీలో బ్రియాండ్ బృందం 1997లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులను స్ట్రక్చర్డ్ డిజైన్లను, ఆబ్జెక్ట్ డిజైన్లను అర్థం చేసుకుని మార్పులు గుర్తించమన్నారు. ఆబ్జెక్ట్ పద్ధతే తేలికని చెప్పడానికి బలమైన ఆధారం దొరకలేదు. ఇంకో సంగతి బయటపడింది: మంచి సూత్రాలు పాటించిన ఆబ్జెక్ట్ డిజైన్ బాగుంది, పాటించనిది చాలా దెబ్బతింది. అంటే చెడ్డ డిజైన్‌కు ఆబ్జెక్ట్ పద్ధతి ఎక్కువ సున్నితం. ఇది మన అనుభవానికి బాగా దగ్గరగా ఉంది. చెడ్డ ప్రొసీజరల్ కోడ్ పొడుగ్గా, విసుగ్గా ఉంటుంది కానీ పై నుంచి కింది దాకా చదివితే ఏం జరుగుతుందో తెలుస్తుంది. చెడ్డ ఆబ్జెక్ట్ కోడ్‌లో ఒక ప్రశ్నకు జవాబు కోసం ఆరు ఫైళ్లు తిరగాలి.

ఇన్‌హెరిటెన్స్ లోతు మీద జరిగిన ప్రయోగాలు ఒకదానితో ఒకటి పడవు. 1996లో స్కాట్లండ్‌లో డేలీ బృందం మూడు స్థాయిల ఇన్‌హెరిటెన్స్ ఉన్న ప్రోగ్రాంను మార్చడం, ఇన్‌హెరిటెన్స్ లేనిదాన్ని మార్చడం కన్నా త్వరగా అయిందని చూసింది. ఐదు స్థాయిలకు వెళ్తే ఆ లాభం కనిపించలేదు. తర్వాత మళ్లీ చేసిన మరికొన్ని ప్రయోగాల్లో ఇన్‌హెరిటెన్స్ లేనిదే మేలనిపించింది. 2003లో ప్రెషెల్ట్ బృందం లోతు అసలు కారణం కాదనీ, పని అర్థం కావడానికి ఎన్ని మెథడ్లు వెతకాల్సి వస్తుందన్నదే శ్రమను నిర్ణయిస్తుందనీ తేల్చింది. లెస్ హాటన్ 1998లో ఒక సంస్థ సీలో, సీ ప్లస్ ప్లస్‌లో చేసిన రెండు సిస్టమ్‌లను పోల్చి, సీ ప్లస్ ప్లస్‌లో తప్పులు దిద్దడానికి ఎక్కువ సమయం పడుతోందని రాశాడు. ఒకే సంస్థ కథ కాబట్టి దాన్ని అందరికీ వర్తింపజేయలేం. 2014లో గిట్‌హబ్‌లోని వందలాది ప్రాజెక్టుల మీద భాషకూ బగ్గులకూ సంబంధం చూపిన ప్రసిద్ధ అధ్యయనాన్ని 2019లో బెర్జర్ బృందం తిరిగి లెక్కగట్టినప్పుడు చాలా ఫలితాలు నిలవలేదు, నిలిచినవాటిలోనూ తేడా స్వల్పమే. ఇన్ని దశాబ్దాల సాక్ష్యం చూశాక, భాషా కుటుంబాన్ని బట్టి మెయింటెనెన్స్ ఖర్చు ఇంత తగ్గుతుందని ఎవరైనా కచ్చితమైన అంకె చెబితే నమ్మవద్దు.

భాషల ఆయుష్షు గురించి ఈ చర్చల్లో తక్కువ మాట్లాడతారు. మన చిన్న వ్యాపారాల్లో 1990లలో ఫాక్స్‌ప్రో రాజ్యమేలింది. 1995లో విజువల్ ఫాక్స్‌ప్రో పేరుతో దానికి ఆబ్జెక్ట్ లక్షణాలు వచ్చాయి, 2015 జనవరిలో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6కు 2008లో అదే గతి పట్టింది, దాని తర్వాత వచ్చిన డాట్ నెట్ రూపం పాత కోడ్‌ను నేరుగా స్వీకరించలేదు. ఆ భాషల్లో ఆబ్జెక్టులు వాడినందువల్ల ఎవరూ గట్టెక్కలేదు, వాడనందువల్ల మునిగిపోలేదు. లెక్కల నియమాలను తెరల కోడ్‌లో కలిపేసినవారు మునిగారు. బటన్ నొక్కితే నడిచే కోడ్‌లోనే పీఎఫ్ లెక్క ఉంటే, తెర పోయినప్పుడు లెక్కా పోతుంది.

హైదరాబాద్ అమీర్‌పేటలో ఎస్‌ఏపీ కోర్సులు నేర్చుకున్న తెలుగు కుర్రాళ్లకు దీని ఇంకో ముఖం తెలుసు. ఎస్‌ఏపీ సొంత భాష అబాప్ మొదట కోబాల్ తరహా ప్రొసీజరల్ భాష. ఆర్3 4.6 విడుదలతో, 2000 ప్రాంతంలో అందులోకి క్లాసులు వచ్చాయి. అప్పటికే ప్రపంచమంతా పరుచుకున్న పాత ఫంక్షన్ మాడ్యూళ్లు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు క్లీన్ అబాప్ మార్గదర్శకాలు కొత్త కోడ్‌కు ఆబ్జెక్ట్ పద్ధతినే సిఫారసు చేస్తున్నాయి, అదే పత్రం ఇన్‌హెరిటెన్స్ కన్నా కంపొజిషన్ (ఆబ్జెక్టులను కలిపి వాడడం) మేలని కూడా చెబుతోంది. పనిలో ఉన్నవాడు రెండూ చదవగలగాలి. ఒకటే వచ్చినవాడు సగం సిస్టమ్ ముందు చేతులెత్తేయాలి.

రామ్‌కో సిస్టమ్స్ తర్వాతి కాలంలో పట్టిన దారి మూడోది. వర్చువల్‌వర్క్స్ అనే తమ వేదిక మీద వ్యాపార ప్రక్రియను నమూనాగా నిర్వచించి, దాని నుంచి అప్లికేషన్‌ను తయారుచేసే పద్ధతి అది. జీతాలు, విమానాల నిర్వహణ లాంటి రంగాల్లో ఆ సంస్థ పేరు తెచ్చుకుంది; రెండూ నియమాలు ఆగకుండా మారే రంగాలే. కింద ఏ భాష ఉన్నా నియమం పైన విడిగా ఉంటుందన్నది దాని వెనుక ఆలోచన. పెద్ద సంస్థకు ఇది తగిన దారే. పదిమంది ఆఫీసు సిబ్బంది ఉన్న మిల్లు అంత యంత్రాంగాన్ని పోషించలేదు, పైగా నమూనా భాష తెలిసినవాళ్లు సీ తెలిసినవాళ్లంత సులువుగా దొరకరు.

అలాంటి మిల్లు ఇవాళ కొత్తగా జీతాల ప్రోగ్రాం రాయించుకుంటే నా సలహా ఇది. జావా, సీ షార్ప్, పైథాన్‌లలో ఆ ఊళ్లో మనిషి దొరికే భాష ఎంచుకోండి. ఈ మూడింటిలోనూ రెండు పద్ధతులూ రాయవచ్చు. శాతాలు, హద్దులు, అమలు తేదీలు అన్నీ పట్టికల్లో పెట్టించండి. జీతం లెక్క పై నుంచి కిందికి చదివితే అర్థమయ్యే వట్టి ఫంక్షన్లుగా ఉండాలి, తెర, డేటాబేస్, ప్రింటర్ ఏదీ అందులోకి రాకూడదు. చందా కాలం లాంటి జ్ఞాపకం అవసరమైన చోట, బ్యాంకు ఫైలు నమూనాలు, హాజరు యంత్రాలు లాంటి రకాలు పెరిగే చోట క్లాసులు వాడండి. ఇన్‌హెరిటెన్స్ రెండు స్థాయిలు దాటితే రాసినవాణ్ని కారణం అడగండి.

ఇంకొక పని ఏ భాషా చేసిపెట్టదు. పాత రిజిస్టర్ల నుంచి చిక్కు కేసులు ఏరండి: 2019 జూన్, జులై రెండు నెలలూ పనిచేసిన కార్మికుడు, చందా కాలం మధ్యలో హద్దు దాటినవాడు, ఈఎస్ఐ వర్తించని అప్రెంటిస్, ఉద్యోగి వాటా మినహాయింపు ఉన్న తక్కువ రోజు కూలీ మనిషి, పైసలు తరువాతి రూపాయికి సర్దాల్సి వచ్చిన స్లిప్. ప్రతి ఒక్కరి స్థూల జీతం, కోత, చేతికొచ్చిన మొత్తం ఒక ఫైలులో రాసిపెట్టి, కోడ్ మారిన ప్రతిసారీ ప్రోగ్రాం వాటిని తిరిగి లెక్కగట్టి సరిపోల్చేలా చేయించండి. ఆ ఫైలు మిల్లు దగ్గరే ఉండాలి, ప్రోగ్రాం రాసిన మనిషి దగ్గర కాదు. రేపు ఇంకొకరు వచ్చి మొత్తం వేరే భాషలో తిరిగి రాసినా, మొదటి రోజే ఆ ఫైలుతో సరిచూసుకోవచ్చు.